కవరు చించకుండానే ఉత్తరం వేళకు చేరాలి

ఇషా నమాజు ముగిసిన తరువాత కాశీబుగ్గలో ఒక ఇంటిని ఊహించండి. పిల్లలు పుస్తకాలు మూసి ఫోను చుట్టూ చేరారు. గల్ఫ్‌లో పని దిగి గదికి చేరుకున్న తండ్రి మాట్లాడే వేళ అది. "అస్సలాము అలైకుం అబ్బా" అన్న పలకరింపు వెళ్లింది. జవాబు సగంలో తెగింది. తెర మీద ముఖం ముక్కలైంది. పెద్దమ్మాయి పరీక్ష ఫీజు, నానీమా డయాలసిస్, పంపిన డబ్బు అందిన సంగతి, అన్నీ "వినబడుతోందా, వినబడుతోందా" అన్న మాట కిందనే అణగిపోయాయి.

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో ఇటువంటి ఇళ్లు ఎన్నో. జీడితోటలు, కొబ్బరితోటలు, సముద్రం మీద వేట చాలక గల్ఫ్ దేశాలకు వలసపోయిన కుటుంబాలవి. అన్ని మతాలవారూ ఉన్నారు. రాష్ట్రంలో ముస్లిం జనాభా అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి గనుక మన కుటుంబాలు అక్కడ చెదురుమదురుగా, ఊరికి కొన్ని గడపలుగా ఉంటాయి. బంధువులు దూరం, పెద్ద పట్టణం దూరం, పనిచేసే మనిషి మరీ దూరం. అందుచేత ఆ ఇళ్లకు ఫోను కాలక్షేప సాధనం కాదు, కుటుంబాన్ని కలిపి ఉంచే దారం.

ఈ దారం ఎందుకు తెగుతున్నదని అడిగితే ఈ మధ్య తరచుగా వినవస్తున్న జవాబు ఒకటుంది. "ఇప్పుడు అన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తాళం వేస్తున్నారు. ఏది మాట, ఏది సినిమా, ఏది ఆసుపత్రి సమాచారమో నెట్‌వర్క్‌కు తెలియదు. తెలియనప్పుడు దేన్ని ముందు పంపాలి? నాణ్యత కావాలంటే గోప్యత కొంత వదులుకోవలసిందే." వినడానికి సబబుగానే ఉంటుంది. మైనారిటీ ప్రజలు మాత్రం ఈ వాదాన్ని పరీక్షించకుండా అంగీకరించరాదు. గోప్యతను, నాణ్యతను త్రాసులో చెరొక వైపు పెట్టి ఏదో ఒకటి ఎంచుకొమ్మనడం సాంకేతికంగా తప్పు, రాజ్యాంగపరంగా ప్రమాదం. ఈ వ్యాసం చెప్పదలచినది ఇంతే.

కుళాయి దగ్గర వరుస

ముందు అసలు సమస్య ఎక్కడుందో చూద్దాం. బ్యాండ్‌విడ్త్ అంటే గొట్టం వెడల్పు. సెకనుకు ఎంత సమాచారం పారగలదో అది చెబుతుంది. నాణ్యత అంటే అంతకంటె విస్తృతమైన విషయం: ఎంత ఆలస్యంగా చేరింది, ఆ ఆలస్యం ఎంత నిలకడగా ఉంది, దారిలో ఎంత పోయింది అన్నవి కూడా అందులో చేరతాయి. మాట ఒక చెవి నుంచి మరొక చెవికి 150 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనులో దాదాపు ఏడో వంతులో చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతున్నది. 400 మిల్లీసెకన్లు దాటితే అది సంభాషణకు పనికిరాదు.

విచిత్రమేమిటంటే మాటకు కావలసిన బ్యాండ్‌విడ్త్ అతి స్వల్పం. ఇంటర్నెట్ ద్వారా వెళ్లే ఒక వాయిస్ కాల్‌కు సెకనుకు ముప్పై, నలభై కిలోబిట్లు చాలు. స్పష్టమైన హెచ్‌డీ సినిమా ఒకటి చూడడానికి అయిదు మెగాబిట్ల వరకు కావాలి. ఒక సినిమా పారే గొట్టంలో నూరుకు పైగా సంభాషణలు పారవచ్చునన్నమాట. మరి తాళం బరువు ఎంత? ఇంటర్నెట్ కాల్స్‌కు వాడే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఒక్కొక్క ప్యాకెట్‌కు అదనంగా చేరేది సాధారణంగా పది బైట్లు. సెకనుకు యాభై ప్యాకెట్ల లెక్కన నాలుగు కిలోబిట్లు. వైర్‌గార్డ్ వంటి వీపీఎన్‌లో పెడితే ప్యాకెట్‌కు మరో అరవై బైట్లు చేరతాయి, అనగా సెకనుకు ఇరవై నాలుగు కిలోబిట్లు. రెండూ కలిపినా పక్కింట్లో ఆడుతున్న సినిమాలో వందో వంతు కూడా కాదు. కాబట్టి అబ్బా మాటను తుంచివేస్తున్నది తాళం బరువు కాదు. వరుస సరిగా లేకపోవడం.

ఉద్దానం వారికి ఈ వరుస సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. వీధి కుళాయి దగ్గర పీపాలతో వచ్చినవారు ముందు నిలబడితే చెంబుతో వచ్చిన ముసలమ్మ సాయంత్రం దాకా ఎదురుచూడాలి. పెద్దమనుషులు కూర్చొని ఒక కట్టుబాటు చేస్తారు: ఒక్కొక్కరికి ఒక్కొక్క విడతలో ఒక బిందె. చెంబు మొదటి విడతలోనే నిండి ఇంటికి పోతుంది, పీపా అయిదారు విడతల్లో నిండుతుంది. ఆ నీళ్లు వుజూకా, వంటకా, పశువులకా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమే రాలేదు.

నెట్‌వర్క్‌లలో ఇదే సూత్రం మీద పనిచేసే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. 2018 జనవరిలో ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ప్రచురించిన 'ఎఫ్‌క్యూ-కోడెల్' పద్ధతి అటువంటిదే. ఒక్కొక్క ప్రవాహానికి వేరు వరుస పెట్టి విడతల వారీగా వంతు ఇస్తుంది. ఏ వరుసలో ప్యాకెట్లు అతిగా నిలవపడితే దాన్ని అదుపు చేస్తుంది. చెంబంత మాట ముందుకు సాగుతుంది, పీపా అంత సినిమా తన వంతు తీసుకుంటుంది. లోపల ఏముందో చూడదు, చూడనక్కరలేదు.

తాళం వేసినా కనిపించేవి

పూర్వం కొన్ని నెట్‌వర్క్‌లు ప్యాకెట్ లోపలికి తొంగిచూసి, ఇది మాట, ఇది వీడియో అని వర్గీకరించేవి. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ తన వినియోగదారులందరికీ ఇరు చివరల మధ్య ఎన్‌క్రిప్షన్ అమలు చేసింది. వెబ్‌సైట్లూ దాదాపు అన్నీ తాళం వేసుకున్నాయి. 2021 మేలో ప్రామాణికమైన 'క్విక్' పద్ధతి రవాణాకు సంబంధించిన వివరాలను కూడా చాలావరకు కప్పివేసింది. తొంగిచూసే కిటికీ మూసుకుపోయిందన్నది నిజం.

అయినా కవరు మీద రాసే చోటు మిగిలే ఉంది. ప్రతి ఇంటర్నెట్ ప్యాకెట్ పైభాగంలో ప్రాధాన్యం తెలిపేందుకు ఆరు బిట్ల గడి ఒకటుంది. 1998 డిసెంబర్‌లో నిర్వచించిన ఈ గుర్తుకు అరవై నాలుగు విలువలు ఉండవచ్చు, మాటకు వాడే విలువ 46. వీపీఎన్ సొరంగంలో పెట్టినప్పుడు ఈ గుర్తును పై కవరు మీదికి నకలు చేసే ఏర్పాటు కూడా ప్రమాణాలలో ఉంది. 108 వాహనానికి దారి ఇవ్వడానికి తలుపు తెరిచి లోపల రోగి ఎవరని చూస్తామా? సైరన్ చాలు. ప్రతివాడూ సైరన్ మోగిస్తే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తలుపులు తెరిపించడం కాదు, ఒక్కొక్క చందాదారుకు ఇంతవరకే సైరన్ అని పరిమితి పెట్టడం. మాటకు కావలసింది అతి స్వల్పం గనుక చిన్న పరిమితి చాలు. దాన్ని మించినది మామూలు వరుసలో నిలబడుతుంది.

ఇక కొలత. లోపల చూడకపోతే ఆలస్యం ఎంతో తెలుసుకోవడమెట్లా అని ఇంజినీర్లు వాదించినప్పుడు, క్విక్ రూపకర్తలు ఒకే ఒక్క బిట్‌ను బయట వదిలారు. ప్యాకెట్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ అది ఒకటి, సున్నాల మధ్య మారుతుంది. దారిలో కూర్చున్నవారు ఆ మార్పుల మధ్య కాలాన్ని కొలిచి ఆలస్యాన్ని లెక్కగట్టవచ్చు. దాన్ని వాడడమూ మానడమూ రెండు చివరల వారి ఇష్టం. గోప్యతను కాపాడుతూనే నాణ్యతను కొలవాలన్న సంకల్పం ఉంటే ఎంత తక్కువ బయటపెట్టి ఎంత పని చేయవచ్చో ఈ ఒక్క బిట్ చెబుతుంది.

ఒక ఇబ్బందిని మాత్రం దాచరాదు. వీపీఎన్ సొరంగంలో మాట, సినిమా, పత్రాలు అన్నీ కలిసి బయటికి ఒకే ప్రవాహంగా కనిపిస్తాయి. వీధంతా కలిసి ఒకే మనిషిని కుళాయికి పంపినట్లు. అప్పుడు బయటి వరుస ఎంత న్యాయంగా ఉన్నా లోపలి చెంబు పీపా వెనక చిక్కుకుంటుంది. దీనికి పరిష్కారం ఇంట్లోనే ఉంది: తాళం వేయకముందే వరుస సర్దాలి. వీపీఎన్‌ను నడిపే రూటర్‌లో, లేదా ఫోన్‌లో ఈ ఏర్పాటు ఉండాలి. అంటే తీర్పరితనం సంస్థ చేతిలో నుంచి ఇంటివారి చేతికి వస్తుంది. కొందరికి రుచించనిది బహుశా ఇదే.

చదవకుండానే ఆపగలరు

ఇప్పుడు నాణేనికి రెండోవైపు చూడాలి. తాళం ఉత్తరాన్ని చదవనివ్వదు. ఉత్తరాన్ని ఆపకుండా మాత్రం అది కాపాడలేదు. ప్యాకెట్ల పరిమాణం, వాటి మధ్య విరామం, వెళ్లే చిరునామా చూసి ఇది కాల్ అని అంచనా వేయవచ్చు. అంచనా వేసి నెమ్మదింపజేయవచ్చు. మన గల్ఫ్ కుటుంబాలకు ఇది అనుభవమే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ సందేశం వెళుతుంది గాని కాల్ కలవదు, అనుమతి పొందిన ఆప్‌లే దిక్కు. అక్కడ నేరానికి వీపీఎన్ వాడినవారికి అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హాముల వరకు జరిమానా విధించే చట్ట సవరణ 2016లోనే వచ్చింది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబర్‌లో ఇటువంటి నిషేధాన్ని సడలించింది. సౌదీలో ఉన్న అన్న మాట్లాడగలుగుతున్నాడు, దుబాయిలో ఉన్న తమ్ముడు తంటాలు పడుతున్నాడు. తేడా సముద్రపు కేబుల్‌లో లేదు, విధానంలో ఉంది.

మన దేశం చూద్దాం. 2019 ఆగస్టు 5 నుంచి జమ్మూ కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆగింది. 2020 జనవరిలో అనుమతించిన వెబ్‌సైట్ల జాబితాతో 2జి వేగం మాత్రం ఇచ్చారు. వీపీఎన్ వాడకం నేరంలా పరిగణన పొందింది. 4జి తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరి 5న. కరోనా కాలంలో పాఠాలు, వైద్యం ఆన్‌లైన్‌కు మారిన నెలల్లో కూడా ఆ ప్రజలు 2జి మీదే బతికారు. అది పూర్తి నిషేధం కాదు, 'సేవ ఉంది' అని చెప్పుకోవడానికి వీలైన నెమ్మది. బ్యాండ్‌విడ్త్ నిర్వహణ అన్న సాంకేతిక పదం శిక్షగా మారినప్పుడు ఎలా ఉంటుందో అక్కడ చూశాం. ఇది దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో పది రోజులకు పైగా మొబైల్ ఇంటర్నెట్ లేదు. అల్లరితో సంబంధం లేని కోనసీమ గల్ఫ్ కుటుంబాలన్నీ ఆ నష్టం భరించాయి.

చట్టం మనకు అండగా లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన, వ్యాపారం రాజ్యాంగ రక్షణ పొందుతాయని, నిరవధిక నిలిపివేత చెల్లదని, ఉత్తర్వులు ప్రచురించాలని 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పింది. 2018లో ఆమోదం పొందిన నెట్ న్యూట్రాలిటీ నియమాల ప్రకారం విషయాన్ని బట్టి అడ్డుకోవడం, నాణ్యత తగ్గించడం, నెమ్మదింపజేయడం, ప్రత్యేక వేగం ఇవ్వడం వివక్ష కిందికి వస్తాయి. 'సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణ'కు అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు తలుపు ఎంత తెరుస్తారన్నదే మన జాగ్రత్తకు పరీక్ష. రద్దీ ఉన్నప్పుడు అందరికీ సమంగా వంతులు పెట్టడం సహేతుకం. వీపీఎన్ అని కనిపించగానే నెమ్మదింపజేయడం వివక్ష.

నేరగాళ్లు తాళం చాటున దాక్కుంటారు కదా అని అడిగేవారున్నారు. నేర పరిశోధనకు వేరే చట్టాలు, వేరే పద్ధతులు, న్యాయస్థానాల పర్యవేక్షణ ఉన్నాయి. ఆ చర్చ ఆ వేదిక మీదే జరగాలి. సేవానాణ్యత పేరుతో అందరి కవర్లు విప్పే అధికారాన్ని దొడ్డిదారిన తెచ్చుకోరాదు. అనుమానపు చూపు ముందుగా ఎవరి గుమ్మం మీద పడుతుందో అనుభవించిన సముదాయం మనది.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. రోజుల తరబడి చీకటి. టవర్లకు కరెంటు లేదు, ఫోన్లకు చార్జింగ్ లేదు. మన రాష్ట్ర ఫైబర్‌నెట్ కేబుల్ ప్రధానంగా కరెంటు స్తంభాల మీదుగా వేసినది. స్తంభం కూలితే కేబులూ కూలుతుంది. చౌకగా, త్వరగా వేయడానికి అది మంచి మార్గమే. తుపానుల తీరంలో మాత్రం ఒక్క దెబ్బకు రెండూ పోయే మార్గం.

అటువంటి రోజున నిలిచిన ఒకటి రెండు టవర్ల మీద మండలం మొత్తం పడుతుంది. ఒక సంస్థ టవర్ పడిపోతే మరో సంస్థ టవర్ నుంచి ఫోన్ పనిచేసేలా 'ఇంట్రా సర్కిల్ రోమింగ్' అనే ఏర్పాటు ఉంది. అది తెరిచినప్పుడు ఆ ఇరుకు గొట్టం ఎవరికి? "క్షేమంగా ఉన్నాం" అన్న నాలుగు ముక్కల సందేశానికా, తుపాను వీడియోకా? ఇక్కడ ప్రాధాన్యం కావాలి, తప్పదు. అయితే దానికీ కవరు చించనక్కరలేదు. ఒక్కొక్క ఫోన్‌కు కొద్దిపాటి సమాన వంతు పెడితే సందేశాలు, మాటలు సాగుతాయి, వీడియోలు ఆగుతాయి. మూడు రోజులకొకసారి డయాలసిస్‌కు పోవలసిన ఉద్దానం కిడ్నీ రోగికి ఆ రోజు కేంద్రం పనిచేస్తున్నదా లేదా అన్న ఒక్క సందేశం ప్రాణంతో సమానం.

2024 ఆగస్టులో ట్రాయ్ కొత్త సేవానాణ్యతా నిబంధనలు జారీ చేసింది. జిల్లాలో సేవ 24 గంటలకు మించి నిలిచిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలన్నది. సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో చూపే మ్యాపులు సంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలన్నది. మంచి అడుగే. ప్రకృతి వైపరీత్యాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. తుపానులే బతుకైన తీరానికి ఆ మినహాయింపు విలువ ఎంతో వేరే చెప్పాలా? పైగా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా కలిసినదే. హైదరాబాద్ హైటెక్ సిటీని, వజ్రపుకొత్తూరు తీరపు ఊరిని కలిపి సగటు తీస్తే ఆ అంకెలో వజ్రపుకొత్తూరు మునిగిపోతుంది.

మన వాకిట్లోని ఉదాహరణ

వక్ఫ్ ఆస్తుల వివరాలను 'ఉమీద్' పోర్టల్‌లో నమోదు చేయడానికి 2025 జూన్ 6 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. చివరి వారాల్లో పోర్టల్ నెమ్మదించిందని, పత్రాలు ఎక్కడం లేదని దేశం నలుమూలల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. గడువు పెంచడానికి డిసెంబర్ 1న సుప్రీంకోర్టు నిరాకరించి, ఇబ్బంది ఉన్నవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునన్నది. ఆ చట్టం మంచిచెడులు వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఒకటే: పౌరుడికి గడువు ఉంది, తప్పితే నష్టం ఉంది. ఆ గడువును నిలబెట్టుకోవడానికి కావలసిన దారికి మాత్రం నాణ్యతా హామీ లేదు. చిన్న పట్టణపు ముతవల్లీ పాత దస్తావేజును స్కాన్ చేసి ఎక్కించడానికి రాత్రంతా కూర్చుంటే తప్పు అతనిదా, సర్వర్‌దా, దారిదా? తేల్చడానికి కొలత కావాలి. కొలత లేనిచోట తప్పు ఎప్పుడూ బలహీనుడిదే అవుతుంది.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. మొదటిది: రద్దీవేళ ట్రాఫిక్‌ను ఏ పద్ధతిలో నిర్వహిస్తున్నదీ ప్రతి సంస్థ తెలుగులో బహిరంగంగా చెప్పాలి. వీపీఎన్‌ను, ఎన్‌క్రిప్షన్ ఉన్న కాల్స్‌ను ప్రత్యేకంగా నెమ్మదింపజేయడం లేదని అందులో హామీ ఇవ్వాలి. రెండవది: ఆలస్యం, నష్టం, వేగం అంకెలను మండలాల వారీగా ప్రచురించాలి. మూడవది: తుపానుల తీరంలో ఆసుపత్రులకు, ముఖ్య టవర్లకు వెళ్లే కేబుల్‌ను భూమిలో వేయాలి, బ్యాటరీ నిల్వ పెంచాలి. నాలుగవది: గడువుతో కూడిన ప్రభుత్వ పోర్టల్ ఏదైనా పనిచేయని గంటలను తానే నమోదు చేసి, అంత గడువు తానే పొడిగించాలి.

మన బాధ్యతా ఉంది. ట్రాయ్ వారి 'మైస్పీడ్' ఆప్‌తో వారం రోజులు ఒకే వేళకు కొలిచి రాసిపెట్టుకున్న కాగితం, పది మంది కేకల కంటె బలమైన సాక్ష్యం. పోర్టల్ మొరాయించినప్పుడు తేదీ, సమయం కనిపించేలా తెరచిత్రం తీసి ఉంచుకోవాలి. మస్జిద్ కమిటీలో చదువుకున్న యువకులిద్దరు చాలు, ఊరికి ఈ పని చేసిపెట్టడానికి. ఇంట్లో పెద్ద దస్త్రం ఎక్కిస్తున్నప్పుడు కాల్ తెగుతుంటే రూటర్‌లో వరుస సర్దే ఏర్పాటు ఉందేమో చూడాలి, లేదా ఆ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. ఇషా తరువాత గ్రూపుల్లో వీడియోల వరద పారించే మన అలవాటునూ ఒకసారి తరచి చూసుకోవాలి. ఆ వేళకు పక్కింటి చెంబు కూడా నిండాలి కదా.

అనుమతి లేకుండా పరుల ఇంట్లోకి తొంగిచూడరాదని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతాం. కుళాయి దగ్గర వంతు తప్పరాదనీ నేర్పుతాం. ఈ రెండు మర్యాదలూ ఒకే ఇంట్లో ఇమడగలిగినప్పుడు ఒకే నెట్‌వర్క్‌లో ఇమడకపోవడానికి కారణం లేదు. కాశీబుగ్గ ఇంట్లో రేపు రాత్రి మళ్లీ ఫోను మోగుతుంది. అబ్బా సలాముకు జవాబు పూర్తిగా వినబడాలి. ఆ మాట ఆ ఇంటివారు తప్ప ఇతరులెవ్వరూ వినకుండా ఉండాలి. ఈ రెండూ మన హక్కులే. ఒకటి కావాలంటే మరొకటి వదలమనే బేరానికి మనం ఒప్పుకోరాదు.